చేప తోలు పెనానికే ఉండిపోతోంది, పాలకూర నీళ్లలో తేలుతోంది, శనివారం ఆరుగురికి వండాలి

శనివారం వంట:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు తప్పడం లేదు. శనివారం రాత్రి భోజనానికి నలుగురిని పిలిచాం, మాతో కలిపి ఆరుగురం. తోలు కరకరలాడేలా పెనం మీద కాల్చిన సాల్మన్, పక్కన వెల్లుల్లి వేసిన పాలకూర, ఇంతే అనుకున్నాం. రెండే వంటలు కదా, ఎంతసేపు పడుతుందిలే అని వాళ్లకు గొప్పగా చెప్పేశాను కూడా.

నిన్న రాత్రి మా ఇద్దరికి వండి చూశాను. స్టీలు పెనంలో నూనె పోసి, వేడెక్కిందనిపించాక రెండు ముక్కలు తోలు కిందికి వచ్చేలా పెట్టాను. నిమిషం అయ్యాక అట్లకాడ దూర్చి చూస్తే కదల్లేదు. ఇంకొంచెం బలంగా దూర్చాను. తోలు పెనానికి ఉండిపోయింది, ముక్క అట్లకాడ మీదికి వచ్చింది, అదీ రెండుగా విరిగి. రెండో ముక్కను భయపడి ముట్టుకోకుండా వదిలేస్తే అది మరీ ఎక్కువ ఉడికిపోయి, చుట్టూ విరిగిన పాలలాగా తెల్లగా ఏదో కారింది. పాలకూర సంగతి ఇంకో కథ. అరకిలో ఆకు గుప్పెడైంది, ఆ గుప్పెడూ పచ్చటి నీళ్లలో కూర్చుంది. ఫొటోల్లో చూపించినట్టు చేపను దాని మీద పెట్టాను, మిగిలిన ఆ కాస్త తోలూ తడిసిన అట్టలా అయిపోయింది. ఇల్లంతా నీచు వాసన, పొద్దున దాకా పోలేదు.

స్టీలు పెనం వల్లేనా ఇదంతా? నాన్‌స్టిక్ కొనాలా? ఉప్పు ఎప్పుడు వేయాలి? పెనంలో మూడు ముక్కలే పడతాయి, మరి ఆరుగురికీ ఒకేసారి వేడిగా ఎలా పెట్టాలి? చేప ఫ్రోజెన్‌ది, తోలుతో ఉన్న ముక్కలు, సుమారు 2.5 సెంటీమీటర్ల మందం. ఇంకా నాలుగు రోజులుంది, టెన్షన్ మాత్రం అప్పుడే మొదలైంది.

నీలిమంట:

పెనాన్ని తిట్టకండి, పాపం దాని తప్పేమీ లేదు. చేపలోనూ ఆకులోనూ మిమ్మల్ని ఏడిపించింది ఒకటే, నీళ్లు.

తోలు మీద తడి ఉన్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు, ఎందుకంటే మంటంతా ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చైపోతుంది. తోలు ఎర్రబడి కరకరలాడాలంటే 140 డిగ్రీలు దాటాలి. ఈ లోపు తడితడిగా ఉన్న మాంసకృత్తులు లోహాన్ని పట్టుకుంటాయి, మీరు సరిగ్గా ఆ టైమ్‌లోనే అట్లకాడ దూర్చారు. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగుంటే అడుగు గట్టిపడి దానంతటదే వదిలేది. వదిలిందో లేదో చూడ్డానికి ముక్కను లేపక్కర్లేదు, పెనం పిడి పట్టుకుని మెల్లగా కుదపండి, ముక్క జరిగితే అయినట్టు, జరగకపోతే మీరు జరగండి, వెళ్లి ఇంకో పని చూసుకోండి.

ఫ్రోజెన్ అంటున్నారు కాబట్టి ఇంకా జాగ్రత్త. గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు కండలోని కణాలను చీల్చేస్తాయి, అందుకే కరిగాక తాజా చేప కంటే ఎక్కువ నీరు వదులుతుంది. శుక్రవారం రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి కరగనివ్వండి. గాలి తీసేసిన ప్యాకెట్ అయితే కరగడానికి పెట్టేముందే దాన్ని కత్తిరించి తెరవండి, ఇది మర్చిపోవద్దు, గాలి ఆడని చోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగి విషం తయారుచేయగలిగే బొటులినమ్ రకం బ్యాక్టీరియా ఒకటుంది, ప్యాకెట్ తెరిస్తే దానికి ఆ అవకాశం ఉండదు. శనివారం మధ్యాహ్నం ముక్కలను పేపర్ టవల్‌తో అద్ది, ప్లేటులో తోలు పైకి పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఓ రెండు గంటలు వదిలేయండి. ఫ్రిజ్‌లో గాలి పొడిగా ఉంటుంది, తోలు ఆరిపోతుంది.

వండే ముందు ఇంకోటి చేయండి. కత్తి పదును వైపు కాకుండా వీపు వైపు తోలు మీద ఆనించి, అద్దం మీద నీళ్లు లాగినట్టు ఒక్కసారి మెల్లగా లాగండి. ఆరిపోయిందనుకున్న తోలులోంచి కూడా బూడిదరంగు తడి కత్తి అంచున చేరుతుంది. అది తుడిచి మళ్లీ లాగండి. నాలుగోసారికి ఏమీ రాదు. మొదటిసారి ఆ తడి చూసినప్పుడు, ఇన్నాళ్లూ ఇదంతా పెనంలో వేశానా అనిపించింది నాకు.

ఇక పెనం. ఖాళీ స్టీలు పెనాన్ని మధ్య మంట మీద మూడు నాలుగు నిమిషాలు కాగనిచ్చి ఒక చుక్క నీళ్లు వేయండి. చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా చాల్లేదు. చుక్క గుండ్రంగా పూసలా మారి పెనమంతా జారుతూ తిరిగితే చాలు. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకి లేపుతుంది, 1756లోనే లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ డాక్టర్ దీని గురించి రాశాడు, అప్పటినుంచి పెనం కాగిందా లేదా అన్నదానికి ఇంతకంటే చవకైన పరీక్ష రాలేదు. ఆ నీటిని తుడిచేసి నూనె వేయండి, నూనె అలలు అలలుగా కదులుతుంటే చేప పెట్టండి. పొగ వచ్చిందంటే దాటిపోయింది, మంట తగ్గించండి.

పెట్టగానే తోలు ముడుచుకుని ముక్క విల్లులా వంగుతుంది. అట్లకాడతో పైనుంచి 15 సెకన్లు అదిమి పట్టండి, తర్వాత వదిలేయండి. మొత్తం టైమ్‌లో ముప్పావు వంతు తోలు వైపే. పక్కనుంచి చూస్తే కింది నుంచి పైకి రంగు మారుతూ ఎక్కుతుంది, అది మూడొంతులు ఎక్కాక తిప్పండి, 2.5 సెంటీమీటర్ల ముక్కకు అది ఐదారు నిమిషాలు, తిప్పాక ఒకటి రెండు నిమిషాలు చాలు.

ఉప్పు అయితే పావుగంట ముందు వేసి, అది లాగిన నీటిని తుడిచేయండి, లేదా పెనంలో వేసే క్షణంలో వేయండి. మధ్యలో ఐదు నిమిషాల ముందు వేస్తే మాత్రం నీరు బయటికి వచ్చి సరిగ్గా అప్పుడే తోలు మీద నిలబడి ఉంటుంది.

సగం గరిటె:

నీలిమంట గారు చెప్పినదంతా నిజమే కానీ నాలుగు రోజుల్లో డిన్నర్ పెట్టుకున్న మనిషికి ఇన్ని చెప్తే ఎలాగండీ. నాన్‌స్టిక్ ఉంటే వాడేయండి, సిగ్గుపడే పనేమీ కాదు. నేను పదేళ్లుగా చేపకు అదే వాడుతున్నాను, ఒక్క తోలు కూడా పోలేదు. ఖాళీగా మాత్రం కాల్చకండి, 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడై పొగలు వదులుతుంది, కాబట్టి నీళ్ల చుక్క పరీక్ష దీనికి పనికిరాదు, నూనె వేసే వేడి చేయాలి.

కొనడం ఇష్టం లేకపోతే ఇంకో దారి. బేకింగ్ పేపర్‌ను పెనం అడుగుకి సరిపోయేలా గుండ్రంగా కత్తిరించి, కింద కొంచెం నూనె, పైన కొంచెం నూనె, దాని మీద చేప. కాగితం అంచు పెనం బయటికి వేలాడకూడదు, గ్యాస్ మంట అందుకుంటుంది. తోలు కరకరలాడుతుంది, అంటుకునే ప్రసక్తే లేదు. వంట తెలిసినవాళ్లు చూస్తే నవ్వుతారేమో, తినేవాళ్లకు మాత్రం తెలియదు.

నీలిమంట:

కాగితం ఐడియా బాగుంది, ఒప్పుకుంటున్నాను. నాన్‌స్టిక్ మీద మాత్రం నాకు చిన్న గొడవ ఉంది. అంటుకోదు, నిజమే, కానీ చేప తీశాక పెనం అడుగున ఏమీ మిగలదు. స్టీలులో మిగిలే ఆ గోధుమరంగు పొర మీద ఒక చెంచా వెన్న, కొంచెం నిమ్మరసం వేసి గీకితే అదే సాస్.

సగం గరిటె:

సాస్ కోసం చేపను పణంగా పెట్టమంటారా :)

కాడలు ముందు:

అందరూ చేప మీద పడ్డారు, పాలకూరను ఎవరూ పట్టించుకోలేదు, నా వాటా నాకు మిగిల్చినందుకు థాంక్స్.

పాలకూరలో 90 శాతం పైగా నీళ్లే. అరకిలో గుప్పెడవడంలో మీ తప్పేమీ లేదు, ఎవరు వండినా అంతే. అరకిలో ఇద్దరికి సరిపోతుంది, కాబట్టి ఆరుగురికి కిలోన్నర తెండి, తెచ్చాక ఆ గుట్టను చూసి భయపడకండి. కడగడం కూడా అంత ఆకు ఒకేసారి కుళాయి కింద పెడితే అవ్వదు. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి, ఆకు వేసి, చేత్తో రెండుసార్లు తిప్పి ఐదు నిమిషాలు వదిలేయండి, మట్టి అడుగుకు చేరుతుంది. తర్వాత ఆకును పైనుంచి చేతులతో తీయండి. గిన్నెను వంచి జల్లెడలో పోశారంటే అడుగునున్న మట్టంతా మళ్లీ ఆకు మీదే పడుతుంది. అడుగున ఇసుక కనబడనంతవరకు ఇలాగే. కడిగాక బట్ట మీద పరిచి ఆరబెట్టండి.

మీరు ఆకునంతా ఒకేసారి పెనంలో కుక్కి ఉంటారని నా అనుమానం. కుక్కితే పెనం చల్లబడుతుంది, ఆకు వదిలిన నీరు ఆవిరయ్యే దారి లేక అందులోనే ఆకు ఉడుకుతుంది. అందుకే ఈ పని రెండు విడతలుగా చేయండి. అతిథులు రావడానికి అరగంట ముందు, వెడల్పాటి పెనంలో నూనె లేకుండా, పెద్ద మంట మీద, నాలుగైదు గుప్పిళ్ల చొప్పున ఆకు వేసి తిప్పుతూ నిమిషంలోపు మగ్గగానే జల్లెడలోకి తీసేయండి. మూత పెట్టొద్దు, ఉప్పు వేయొద్దు. అంతా అయ్యాక గరిటె వీపుతో జల్లెడలోనే నొక్కండి, ఎంత నీరు దిగుతుందో చూస్తే ఆ రాత్రి మీ ప్లేటులో ఏం జరిగిందో అర్థమవుతుంది. మరీ బట్ట ఉతికి పిండినట్టు పిండకండి, పీచు మిగులుతుంది. ఆ ముద్దను చేత్తో విడదీసి ప్లేటులో పరిచి ఉంచండి.

వడ్డించే ముందు చల్లటి నూనెలోనే వెల్లుల్లి పలుచటి ముక్కలు వేసి సన్న మంట పెట్టండి, అంచులు లేత గడ్డి రంగుకు రాగానే ఆకు వేసి, ఉప్పు చల్లి, ఒక్క నిమిషం తిప్పి దించేయండి. వెల్లుల్లి ఎర్రబడేదాకా ఆగితే చేదు. నిమ్మరసం పెనంలో పోయకండి, పులుపు తగిలి వేడిలో ఉంటే పచ్చరంగు పోయి ఆలివ్ రంగులోకి దిగిపోతుంది. నిమ్మచెక్కలు బల్ల మీద పెట్టండి, ఎవరికి కావాలంటే వాళ్లు పిండుకుంటారు.

కొందరికి పాలకూర తింటే పళ్లు గరగరలాడతాయి, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం వల్ల. మీ వాళ్లలో ఎవరైనా అలా అంటే పెనంలో మగ్గించే బదులు ఎక్కువ నీళ్లు మరిగించి అందులో నిమిషం ముంచి, ఆ నీళ్లు పారబోయండి, కొంతవరకు తగ్గుతుంది.

ఇంకోటి, చేపను ఆకు మీద పెట్టే ఫొటోలను నమ్మకండి. పెట్టాలంటే తోలు పైకి ఉండాలి. సాస్ కూడా చేప కిందో పక్కనో పోయండి, పైన పోస్తే అంత కష్టపడి ఎండబెట్టిన తోలు మళ్లీ తడుస్తుంది.

వెనక గేటు:

ఒక రెస్టారెంట్ కిచెన్‌లో నాలుగేళ్లు చేపల స్టవ్ దగ్గర పనిచేశాను, ఆరు ముక్కల లెక్క నేను చెప్తాను. మూడు ముక్కల పెనంలో ఆరు ఇరికించకండి, మధ్యలో ఖాళీ లేకపోతే ఆవిరి బయటికి పోదు. మూడేసి చొప్పున, తోలు వైపు మాత్రమే, రంగు మూడొంతులు ఎక్కేదాకా కాల్చండి. తీసి ట్రేలో తోలు పైకి పెట్టండి, పచ్చిగా ఉన్న వైపు కిందికి. మొదటి మూడింటిని తీశాక పెనం తుడిచి మిగతా మూడు. ఇదంతా వాళ్లు వచ్చి కూర్చుని కబుర్లలో పడ్డాక మొదలుపెట్టొచ్చు, పావుగంట కూడా పట్టదు. అందరూ బల్ల దగ్గరికి రాగానే ఆ ట్రేను 200 డిగ్రీల ఓవెన్‌లో మూడు నాలుగు నిమిషాలు పెట్టండి. ఆ మూడు నాలుగు నిమిషాల్లో మీ వెల్లుల్లి పాలకూర అవుతుంది. ఆరు ప్లేట్లూ ఒకేసారి బయటికి వెళ్తాయి.

ఓవెన్ లేకపోతే రెండో స్టవ్ మీద రెండో పెనం, అంతే. ఏ పరిస్థితిలోనూ కాల్చిన చేప మీద మూత గానీ రేకు గానీ కప్పకండి, వేడిగా ఉంచాలని కప్పి తోలును చంపేసినవాళ్లను చాలామందిని చూశాను. అందులో నేనూ ఒకణ్ణి, మొదటి వారం.

శనివారం వంట:

బుధవారం అప్‌డేట్. మళ్లీ రెండు ముక్కలు చేశాను. కత్తి వీపుతో లాగినప్పుడు నిజంగానే బూడిదరంగు నీళ్లు వచ్చాయి, నమ్మలేదు ముందు. నీళ్ల చుక్క పూసలా తిరిగింది, దాన్ని చూస్తూ నిలబడి పెనం మరీ కాల్చేశాను, పొగ వచ్చేసింది, దించి చల్లార్చి మళ్లీ మొదలుపెట్టాను. ఒక ముక్క అద్భుతం, గోరుతో తడితే టక్‌మంది. రెండోది అంచులు బాగా వచ్చాయి, మధ్యలో రూపాయంత మేర మెత్తగానే ఉంది. పాలకూర సూపర్, కాడలు ముందు గారికి దండం.

ఇప్పుడు రెండు కొత్త సమస్యలు. ఆ మధ్యలో మెత్తదనం ఎందుకు? రెండోది ముఖ్యం, వచ్చే నలుగురిలో ఒకామె గర్భవతి అని ఇవాళే తెలిసింది. మధ్యలో కొంచెం గులాబీ రంగుగా ఉండేలా దించమని అన్నిచోట్లా రాస్తున్నారు, ఆమెకు అలా పెట్టొచ్చా?

వెనక గేటు:

వద్దు. ఇందులో ఆలోచించేదేం లేదు, ఆమె ముక్క లోపలి దాకా 63 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ ఉంటే పక్కనుంచి మందం ఉన్న చోట గుచ్చి చూడండి, లేకపోతే ఫోర్కుతో మధ్యలో తెరిచి చూడండి, గాజులా కనబడే భాగం ఎక్కడా ఉండకూడదు, పొరలు పొరలుగా విడిపోవాలి. ఆమె ముక్కను ట్రేలో ఒక మూలకు పెట్టి ఓవెన్‌లో ఇంకో రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంచండి. సాల్మన్‌లో పాదరసం తక్కువే, ఆ భయం అక్కర్లేదు. మాకేం కాదులే అనుకునే మిగతావాళ్లు 52, 55 దగ్గర తింటుంటారు, అది ఎవరిష్టం వాళ్లది, కానీ అతిథులకు పెట్టేటప్పుడు అడిగి పెట్టండి.

మధ్యలో మెత్తదనం మీరు అదమకపోవడం వల్ల, లేదా అంచులు అదిమి మధ్యను వదిలేయడం వల్ల. వేళ్లతో కాదు, వెడల్పు అట్లకాడతో, ముక్కంతా.

నీలిమంట:

63కి తీసుకెళ్తే ఆ విరిగిన పాలలాంటిది కొంచెం వస్తుంది, కంగారు పడకండి, అది అల్బుమిన్, చేపలోని ప్రోటీనే. వేడికి కండ బిగుసుకుని దాన్ని బయటికి తోస్తుంది. తగ్గించాలంటే లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కలను పది నిమిషాలు ముంచి తీసి, ఆ తర్వాత తుడిచి ఫ్రిజ్‌లో ఆరబెట్టండి. ఇలా చేస్తే పైన మళ్లీ ఉప్పు వేయొద్దు. నీళ్లే శత్రువు అని చెప్పిన నేనే ముంచమంటున్నాను, తెలుసు, ఆరబెట్టడానికి టైమ్ ఉంటేనే చేయండి.

సగం గరిటె:

వాసన గురించి ఎవరూ చెప్పలేదు. పొగ వచ్చేదాకా నూనె కాల్చకపోతే సగం పోతుంది. మిగతా సగం స్టవ్ మీద, గోడ మీద చిందిన నూనెది, తినడానికి కూర్చునే ముందే సబ్బునీళ్ల గుడ్డతో ఒకసారి తుడిచేయండి, చివర్లో నిమ్మరసం కలిపిన నీళ్లతో. నీచు వాసన ఇచ్చే పదార్థాన్ని పులుపు పట్టేస్తుంది. కిటికీ వండే ముందు తెరవండి, వండాక కాదు.

శనివారం వంట:

అయిపోయింది, వాళ్లు ఇప్పుడే వెళ్లారు. ఐదు ముక్కలు ఫొటోల్లో లాగే వచ్చాయి. ఆరోది అంటుకుంది, రెండో విడతలో పెనం తుడిచి మళ్లీ కాగనివ్వకుండానే పెట్టేశాను, అది నేను తిన్నాను, తోలు లేకుండా. ఆమె ముక్క 64 దగ్గర తీశాం, తెల్లటిది కొంచెమే వచ్చింది. పాలకూర కిలోన్నర అంటే అందరూ ఇంత దేనికి అన్నారు, చివరికి గిన్నె ఖాళీ.

పెనం మాత్రం ఇంకా స్టవ్ మీదే ఉంది, అడుగున ఆ ఆరో ముక్క తోలు అతుక్కుని. రాత్రంతా నానబెట్టాలా?

నీలిమంట:

అక్కర్లేదు. నూనె వంచేసి, పెనం మరీ కాలుతూ లేకుండా గోరువెచ్చగా ఉన్నప్పుడు గ్లాసు నీళ్లు పోసి మరిగించండి, చెక్క అట్లకాడతో గీకితే రెండు నిమిషాల్లో ఊడిపోతుంది. సాస్ చేసుకునే పద్ధతే, వెన్న ఒక్కటీ లేదంతే.

సగం గరిటె:

కాగితం వేసి ఉంటే ఈపాటికి నిద్రపోయేవారు.